కానరాని తాళపుచెవులు



ఈ మాసము ఊరగాయలను గూర్చి వ్రాయుదుమని వెనుకటి సంచికలో మాట యిచ్చియుంటిమి. క్షమింపుడు. ఒక సోదరి వ్రాసిన జాబు పదిదినములుగా మా బల్లమీద నున్నది. దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయనిదే వేఱొకదానికి చేయి సాగకున్నది.

ఆమె భర్తగారు రెండేండ్ల క్రిందట కాలధర్మము నొందిరి. వారుండగా కొన్న సెల్‌ఫోనునే యామె వాడుకొనుచుండెను. కొన్ననాడు అంగడిలోని కుఱ్ఱవాడు ఆమె పేర జీమెయిలు ఖాతా తెఱచి, పాస్‌వర్డు తానే యేర్పఱచి, అంతయు సిద్ధమని ఫోను చేతి కిచ్చెనట. ఆ పాస్‌వర్డేమో ఆమె యడుగలేదు, అతడు చెప్పలేదు. ఏ చిక్కును లేకుండ అయిదేండ్లు గడచినవి. మొన్నటి వేసవిలో బస్సు దిగుచుండగా ఫోను పోయినది. పాత నంబరునకే క్రొత్త సిమ్ము తెచ్చుకొని, క్రొత్త ఫోనులో ఖాతా తెఱవబోగా పాస్‌వర్డు అడిగినది. మఱచితిననగా, సంకేతమును పంపెదనని యొక నంబరు చివరి రెండంకెలు చూపినది. అవి ఆమె నంబరువి కావు, ఆ కుఱ్ఱవానివి! ఆ యంగడి యెప్పుడో మూతపడినది. భర్తగారి ఛాయాచిత్రములు, మనుమరాలి యన్నప్రాశననాడు వారు పిల్లను ఒడిలో నుంచుకొని మాటలాడిన వీడియో, సమస్తమును ఆ ఖాతాలో చిక్కుకొన్నవి.

మీ ఫోను కొన్ననాడు ఏమి జరిగినదో మీరును ఒకమాఱు జ్ఞాపకము చేసికొనుడు. మన అమ్మమ్మలు తాళపుచెవుల గుత్తి బొడ్డున దోపుకొని తిరిగెడివారు. స్నానమునకు పోవునపుడైనను కోడలి చేతి కిచ్చుటకు వెనుదీసెడివారు. వారి మనుమరాండ్రమగు మనము ముక్కు మొగము తెలియని యంగడివాని యొద్ద తాళపుచెవి విడిచి వచ్చుచున్నాము!

ఈ కానరాని తాళపుచెవులలో మెయిలు ఖాతాది మూలమైనది. ఏలయన, రైలుటిక్కెట్లదో, బట్టల యంగడిదో, ఫేస్‌బుక్కుదో పాస్‌వర్డు మఱచితిమన్నచో, క్రొత్తది యేర్పఱచుకొను లింకు సాధారణముగా ఆ మెయిలునకే వచ్చును. దానిని చేజిక్కించుకొన్నవాడు తక్కినవానిని ఒక్కొక్కటిగా తెఱచుకొనగలడు. కావున ఈ రాత్రి వంటయిల్లు సర్దుకొన్న పిదప ఒక గడియ తీరిక చేసికొని, ఫోనులోని సెట్టింగులలో గూగుల్ ఖాతాకు పోయి, భద్రత యను భాగమును తెఱవుడు. అక్కడ ఏ ఫోను నంబరున్నదో, ఏ మారు మెయిలున్నదో చూడుడు. మీది కానిది తీసివేసి మీ నంబరు నుంచుడు. మారు మెయిలుగా బిడ్డలలో నమ్మకమైనవారిది చేర్చుడు. పిమ్మట పాస్‌వర్డు మార్చుడు.

పాస్‌వర్డు ఎట్లుండవలెను? బిడ్డపేరు, పెండ్లితేది పనికిరావు. అవి చుట్టములందఱికిని తెలిసినవే. ఒకదానితో నొకటి పొందిక లేని నాలుగు మాటలు కలిపి వ్రాయుడు. గుమ్మడి, రైలు, వాకిలి, జలుబు అనునట్టివి ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో మనకు సులభము, ఊహించువానికి కష్టము. (ఈ నాలుగే పెట్టుకొనకుడు సుమా! ఈ పత్రికను చాలమంది చదువుదురు.) మూడు నెలలకొకమాఱు మార్చవలెనను పాత నియమము ఇపుడు లేదు. గుర్తులకంటె నిడివియే మేలని, కారణము లేక మార్పింపవలదని అమెరికా ప్రమాణసంస్థయగు నిస్టు 2017 లోనే చెప్పినది. మెయిలునకు పెట్టినది మాత్రము మఱెక్కడను పెట్టరాదు. ఏదేని యంగడివారి పద్దు దొంగలపాలైనప్పుడు వారు ఆ పాస్‌వర్డుతోనే మీ మెయిలు తలుపు తట్టి చూచెదరు.

రెండంచెల ధ్రువీకరణ యనునది కూడ అచ్చటనే యున్నది. దాని నమర్చుకొన్నయెడల పాస్‌వర్డు తెలిసినవానికైనను రెండవ గడియ అడ్డుపడును. ఫోను పోయిననాడు పనికివచ్చుటకై గూగుల్‌వారు పది సంకేతములు ఇచ్చెదరు. ఒక్కొక్కటి యొక్కమాఱే పనిచేయును.

వీనినన్నిటిని ఎక్కడ దాచుట? పుస్తకములో వ్రాసి బీరువాలో పెట్టుకొనుడు. పుస్తకములో వ్రాయుట తప్పని చెప్పి మగవారు కొందఱు నవ్వుదురు, నవ్వనిండు. దూరదేశమున కూర్చుండిన దొంగ మీ బీరువాలో చేయి పెట్టలేడు. ఆ పుటను ఫోటో తీసి ఫోనులో నుంచుకొనుట మాత్రము కూడదు. బ్యాంకు పిన్ను అందులో వ్రాయకుడు. పుస్తక మెక్కడ నున్నదో ఇంటిలో మఱియొకరికి తెలిసియుండవలెను. భర్తల పాస్‌వర్డులును అందులో కెక్కవలెను. ఇది యడుగుట కీడు శంకించుట కాదు. ఇన్సూరెన్సు కాగితము లెక్కడ నున్నవని యడుగమా?

అడిగి పుచ్చుకొను దొంగలును మెండుగా నున్నారు. డబ్బు పంపునపుడే పిన్ను కావలెను. డబ్బు వచ్చుటకు పిన్ను నొక్కుమన్నవాడు దొంగ. ఫోనునకు వచ్చిన ఓటీపీ నెవరు చెప్పుమన్నను చెప్పరాదు. వాట్సాప్‌లో శుభలేఖయని వచ్చిన దాని పేరు చివర ఏపీకే యని యున్నచో ముట్టుకొనకుడు. అది మీ ఫోనులో జొరబడు ప్రోగ్రాము. పోలీసులమని వీడియోలో కనబడి, మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, గది కదలవద్దు అనువారిని చూచి బెదరకుడు. అట్టి యరెస్టు మన చట్టములో లేదని ప్రధానమంత్రియే 2024 అక్టోబరు 27 న రేడియోలో చెప్పిరి. ఒకవేళ డబ్బు పోయినచో ఏడ్చుచు కూర్చుండక, నలుగురేమందురో యని దాచక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకునకు తెలుపుడు. డబ్బు దొంగ చేతినుండి మఱియొక చేతికి మాఱకముందే అడ్డగింపవలెను గదా.

ఇక ఆ సోదరి మాట. రెండేండ్లు ఎవరును తెఱవని ఖాతాలను తీసివేయవచ్చునని గూగుల్‌వారు 2023 లో నియమము చేసికొనిరి. కావున ఆమెకు గడువున్నది గాని, నిదానించుటకు లేదు. పోయిన ఖాతాను తిరిగి యడుగునపుడు, పూర్వము దానిని తెఱచిన పరికరమునుండి, తెఱచిన చోటినుండియే అడిగినచో నమ్మకము హెచ్చునని వారే చెప్పుదురు. ఆమె నడుగగా, కుమారుని యింట నున్న పాత ట్యాబులో ఒకప్పుడు ఆ ఛాయాచిత్రములు చూచినట్లు జ్ఞాపకమని వ్రాసినది. దానిని ఎవరును తుడిచివేయకుండ చూడుమనియు, ఖాతా యింకను తెఱచియే యున్నచో పాస్‌వర్డు జోలికి పోకముందు వీడియోను, ఛాయాచిత్రములను ఇంటి కంప్యూటరులోనికి దించుకొనుమనియు జవాబు వ్రాసితిమి. కుమారుడు సంక్రాంతికి వచ్చునపుడు ట్యాబు తెచ్చునట.