దొరువు ఉండగా లోతు బోర్లెందుకు?

తెనాలి పొలాలకు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలున్నాయి. రేపల్లె ఆ కాలువలకు శివారు కాబట్టి అక్కడి రైతుకు నీరందినా ఆలస్యంగానే అందుతుంది. బాపట్ల తీరంలోని ఇసుక భూములకు ఆ మాత్రం ఆశ కూడా లేదు. దిబ్బల వాలున పెరిగే జీడిమామిడి, సరుగుడు తోటలూ, పల్లంలోని వేరుశనగ, కూరగాయల మడులూ అక్కడ పడిన వాననే నమ్ముకున్నాయి. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడేచోట నీటికి కరవేమిటని అనిపించవచ్చు. ఆ వానంతా కొన్ని నెలల్లోనే కురుస్తుంది. ఇసుక దాన్ని పట్టి ఉంచలేదు. వేళ్లకు అందే లోతు దాటి నీరు దిగిపోతుంది. అలా దిగిన నీరు వృథా కాదు, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలికైన మంచినీటి పొరగా నిలుస్తుంది. ఆ పొర తగిలేదాకా తవ్విన గుంటే దొరువు.

సముద్రమట్టానికి ఒక మీటరు పైన మంచినీరు నిలిస్తే, మట్టానికి దిగువన దాదాపు 40 మీటర్ల మందాన మంచినీరు ఉండగలదని గైబెన్, హెర్జ్‌బర్గ్ సూత్రం నూరేళ్ల కిందటే చెప్పింది. ఆ లెక్కను తిరగేస్తే భయం వేస్తుంది. పైమట్టం మీటరు పడిపోతే ఉప్పునీరు అన్ని మీటర్లూ పైకి జరగడానికి దారి దొరుకుతుంది. ఒకేచోట లోతుగా బోరు దించి మోటారుతో లాగితే దాని కిందనే ఉప్పునీరు ఎగదన్నుతుంది. మొదట్లో నీళ్లు బాగానే వస్తాయి. తర్వాత చవుడు తేలి, ఆకుల కొసలు మాడతాయి. ఒకసారి పైకెక్కిన ఉప్పు మోటారు ఆపగానే దిగిపోదు. అందుకే ఈ ఇసుక భూముల్లో కొత్త లోతు బోర్లకు అనుమతులు నిలిపివేయాలి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఆ అధికారాన్ని ప్రభుత్వానికి ఎప్పుడో ఇచ్చింది.

దొరువు పాతకాలపు పద్ధతని కొట్టిపారేసేవారున్నారు. గుంట నేలను మింగేస్తుంది, గట్లు జారతాయి, కుండలతో నీళ్లు మోసి నడుము పడిపోతుంది. ఇవన్నీ నిజాలే. వీటికి జవాబు బాపట్లలోనే ఉంది. ఉప్పునీటి వాడకంపై అక్కడ సాగిన పరిశోధన మెరుగుపరిచిన దొరువును అందించింది. చిల్లుల గొట్టాలను తక్కువ లోతున అడ్డంగా పరిచి, నీటిని నడుమ ఒక బావిలోకి చేర్చి, చిన్న మోటారుతో తోడతారు. పైపొర మాత్రమే వస్తుంది, గొట్టాల మీద పంటా వేసుకోవచ్చు. ఖర్చు ఒక్క సన్నకారు రైతు భరించేది కాదన్న అభ్యంతరం సబబైనదే. కాబట్టి నలుగురైదుగురికి ఒక బావి చొప్పున సబ్సిడీ ఇచ్చి, బిందు, తుంపర సేద్యం తప్పనిసరి చేయాలి. మోటారు సామర్థ్యానికీ హద్దు పెట్టాలి. మంచి దొరువునైనా అతిగా తోడితే మిగిలేది ఉప్పే.

తోడే నీటిని తగ్గించుకునే దారీ ఉంది. తోటలో రాలిన ఆకును పొయ్యిలోకి ఊడ్చేయకుండా చెట్టు పాదులోనే పరిస్తే నేలలోని తడి ఆవిరైపోకుండా కొంత నిలుస్తుంది. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక దిబ్బల సంగతి. ఇళ్లకు ఇసుక కావద్దా అనేవారి వాదన వినాల్సిందే. కానీ దిబ్బను తవ్వి చదును చేస్తే మంచినీటిని నిలిపే ఎత్తే పోతుంది. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ ఇసుక దిబ్బలను రక్షిత జాబితాలో చేర్చింది కూడా. బాపట్ల జిల్లా యంత్రాంగం ఆ తవ్వకాలను ఆపించాలి. వచ్చే వానాకాలానికి ముందే ఉమ్మడి దొరువులకు నిధులు కేటాయించాలి.