దోషి ఎవరు? లోపం ఎక్కడ?

ప్రమాదవార్త వినగానే మన నోట వెలువడే మొదటి ప్రశ్న "తప్పెవరిది?" అన్నది. డ్రైవరో, పైలటో దోషిగా తేలగానే మనస్సు కుదుటపడుతుంది. కాని ఒక వ్యక్తిని శిక్షించినంత మాత్రాన రేపటి ప్రమాదం ఆగుతుందా?

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద ఆకాశంలో రెండు విమానాలు ఢీకొని 349 మంది అసువులు బాశారు. ఢిల్లీ నుండి బయలుదేరిన సౌదీ విమానంలో పొట్టకూటికై పరదేశానికి పోతున్న మన శ్రామికులెందరో ఉన్నారు. ఢిల్లీలో దిగవలసిన కజకిస్తాన్ విమానం 15,000 అడుగుల ఎత్తున ఉండవలసినది, ఆ హద్దు దాటి కిందికి దిగింది. తప్పు కజక్ సిబ్బందిదేనని తేల్చి దస్త్రం మూసివేయవచ్చు. కాని అంతకుమించిన ప్రశ్నలు తలెత్తాయి. వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ ఒకే మార్గమెందుకు? ఢిల్లీ పరిసరాకాశంలో అధికభాగం వైమానిక దళానికి కేటాయింపబడి ఉండడమే కారణం. విమానాల ఎత్తును తెలిపే రాడార్ అప్పటికి అక్కడ పనిచేయడం లేదు. ఎదుటి విమానం సమీపిస్తున్నదని పైలటును హెచ్చరించే పరికరమూ లేదు. ఆ తరువాతనే రాకపోకల మార్గాలు వేరయ్యాయి, కొత్త రాడార్ వచ్చింది, హెచ్చరిక పరికరం మన దేశంలో తప్పనిసరి అయింది.

దర్యాప్తు ఏకైక లక్ష్యం ప్రమాద నివారణే గాని నిందారోపణ కాదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం. శిక్షకు భయపడేవాడు నిజం దాస్తాడు. దర్యాప్తు చేసేవారికి స్వాతంత్ర్యమూ అంతే అవసరం. మన రైల్వే తనిఖీ వ్యవస్థను 1941లోనే రైల్వే బోర్డు అధీనం నుండి తప్పించారు. నేటి రైల్వే భద్రతా కమిషన్ పౌర విమానయాన శాఖ కింద ఉన్నది అందుకే.

సైనిక ప్రమాదాల తీరు వేరు. విచారణ జరిపేది సైన్యమే. నివేదిక సాధారణంగా బయటికి రాదు. 2021 డిసెంబరులో కూనూరు వద్ద హెలికాప్టర్ కూలి త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్ సహా 14 మంది మరణించినప్పుడు సైతం సంక్షిప్త ప్రకటన వెలువడింది గాని పూర్తి నివేదిక వెలువడలేదు. ఆయుధ రహస్యాలను కాపాడవలసినదే. కాని వాతావరణం, శిక్షణ, యంత్రాల నిర్వహణ గురించిన పాఠాలు శత్రువుకు ఉపకరించేవి కావు. అవి మరో పైలటు ప్రాణం కాపాడేవి. వాటినైనా ప్రకటించాలని నా అభిప్రాయం.

విద్యార్థి మిత్రులారా! మీలో రేపటి ఇంజనీర్లు, అధికారులు ఉన్నారు. ఏ దుర్ఘటన విచారణ మీ చేతికి వచ్చినా, దోషి పేరు రాసి సంతకం చేయకండి. అదే స్థానంలో మరొకడు ఉన్నా ఆ తప్పు జరిగేదా అని అడగండి. జరిగేదైతే మీ విచారణ ఇంకా పూర్తి కాలేదన్నమాట.