కల్లంలోకొచ్చిన ధర

నూజెండ్ల మండలంలో మిర్చి కోతలు మొదలయ్యాయంటే ఆ పంట వేసిన ఇంటిల్లిపాదికీ కల్లమే లోకం. కాయ ఎండాలి, తాలు ఏరాలి, టిక్కీలకెత్తాలి. ఆ తర్వాతే అసలు ప్రశ్న... 'ఇవాళ యార్డులో ఎంత పలుకుతోంది?'

ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే సరుకు లారీకెత్తి వినుకొండ, నరసరావుపేట దాటి గుంటూరు వెళ్లాల్సిందే. తీరా వెళ్లాక ధర పడిపోయిందని తెలిస్తే చేసేదేముంది? కాయను వెనక్కి తెస్తే కిరాయి రెండింతలు. అందుకే వచ్చినకాడికి అమ్ముకుని బస్సెక్కేవారు. వ్యాపారికి ధర ముందే తెలుసు, రైతుకు తెలియదు. బేరంలో ఆ తేడా చాలు!

ఇప్పుడు తేజ ఎంత, 334 ఎంత అన్నది అదేరోజు సెల్‌ఫోన్‌లో కల్లానికే వచ్చేస్తోంది. వ్యాపారంలో ఐటీ అనగానే హైదరాబాద్‌లోని అద్దాల మేడలే గుర్తొస్తాయి. కానీ దాని అసలు పని ఇదే... ఒకరి గుప్పిట్లో ఉన్న సమాచారాన్ని పదిమందికీ పంచడం.

ఈ మార్పును కేరళ జాలర్లు ఎప్పుడో చూశారు. 1997-2001 మధ్య ఉత్తర కేరళ తీరానికి సెల్‌ఫోన్లు వచ్చాయి. జాలర్లు సముద్రంలో ఉండగానే రేవులకు ఫోన్ చేసి, మంచి ధర ఉన్నచోటికే పడవ తిప్పేవారు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం వారి లాభం సగటున 8 శాతం పెరిగింది. విచిత్రమేమిటంటే, కొనేవారికి చేపల ధర 4 శాతం తగ్గింది! అమ్ముడుపోక పారబోసే చేపలు లేకపోవడమే కారణం.

మన దేశంలో చాలా మార్కెట్లలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడే పద్ధతి ఉండేది. పక్కవాడికి కూడా ధర తెలియదు. ఆ తువ్వాలు తీసేయడానికే కేంద్రం 2016 ఏప్రిల్ 14న 'ఈ-నామ్' తెచ్చింది. 21 మార్కెట్లతో మొదలై 2020 మే నాటికి వెయ్యికి చేరిన ఈ వ్యవస్థలో గుంటూరు మిర్చి యార్డూ ఉంది. గేటు దగ్గరే సరుకుకు లాట్ నంబరు ఇస్తారు. నాణ్యత పరీక్షించాక వ్యాపారులు కంప్యూటర్‌లో ధర వేస్తారు. నచ్చకపోతే రైతు వద్దనొచ్చు.

మరి అందరూ వద్దనగలరా? అక్కడే ఉంది చిక్కు. విత్తనాలకీ పురుగుమందులకీ కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చుకున్న రైతు సరుకు ఆయన కొట్టుకే చేరాలి. ఫోన్ ధర చెబుతుందేకానీ అప్పు తీర్చదుగా! ధర తెలియడం వేరు, ఆ ధర అడగగలగడం వేరు. సకాలంలో బ్యాంకు రుణం, శీతల గిడ్డంగిలో కాస్త చోటు... ఈ రెండూ తోడైనప్పుడే ఫోన్‌లో కనిపించే అంకె రైతు చేతికి డబ్బై వస్తుంది.

అప్పటిదాకా చదువుకున్న పిల్లలు చేయగలిగిన సాయం ఒకటుంది. లారీ మాట్లాడకముందే నాన్నకు వారం రోజుల ధరలు చదివి వినిపించడం. ఏడాది కష్టాన్ని అమ్మే ముందు ఆ పది నిమిషాలు ఎక్కువేం కాదు!