తీర్థం మిగిలింది... యాత్ర ఏదీ?

‘కాశీకి వెళ్ళినవాడు కాటికి వెళ్ళినవాడితో సమానం’ అన్నది మన పూర్వుల మాట. అడవులు దాటాలి, ఏళ్ళు దాటాలి, దొంగల భయం, రోగాల భయం. తిరిగివస్తామన్న నమ్మకం లేక ఇంటి వ్యవహారాలన్నీ చక్కబెట్టి, అయినవారందరి దగ్గరా సెలవు తీసుకొని మరీ కదిలేవారు. ఈనాటి పిల్లలకు ఈ మాట చెబితే నవ్వుతారు. వారిని తప్పుపట్టలేం. ఉదయం ఇంట్లో కాఫీ తాగి, హైదరాబాదులో విమానమెక్కి, సాయంకాలానికి గంగాహారతి చూడగల రోజులివి.

చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో పరివారంతో కాశీకి బయలుదేరారు. హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తాలు కూడా చూసుకొని ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. పదిహేను నెలల పైమాట! ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో 1838లో అచ్చయిన ఆయన దినచర్యను తిరగేసినవారికి ఒక విషయం అవగతమవుతుంది. అందులో కాశీ ఎంత ఉందో, దారి అంతకన్నా ఎక్కువ ఉంది. ఏ మజిలీలో నీళ్ళు దొరుకుతాయి, ఏ ఏరు ఎలా దాటాలి, ఏ ఊరి జనుల ఆచారమేమిటి అన్నవన్నీ ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. ఆయన దృష్టిలో ఆ దారి అంతా యాత్రే.

తీర్థయాత్ర అన్న మాటలో రెండు పదాలున్నాయి కదా! మనం తీర్థాన్ని భద్రంగానే ఉంచుకున్నాం. యాత్రను మాత్రం మెల్లమెల్లగా చేజార్చుకుంటున్నాం. విమానం మీద ద్వేషంతో ఈ మాట అనడం లేదు. నేను స్వయంగా చేసిన ఒక పొరపాటు నాచేత ఈ మాట అనిపిస్తోంది.

2016లో మా నాన్నగారు కాశీ చూడాలని ఉందన్నారు. అప్పటికి వారికి డెబ్బయ్యారేళ్ళు. ఆరోగ్యం బాగానే ఉంది. రైలులో వెళదామన్నారు. నాకు సెలవు దొరకదని చెప్పి విమానం టిక్కెట్లు కొన్నాను. శుక్రవారం వెళ్ళాం, ఆదివారం రాత్రికి ఇంట్లో ఉన్నాం. గంగాస్నానం, విశ్వనాథ దర్శనం, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు... ఏదీ వదలలేదు. ఏ లోటూ చేయలేదని నేను తృప్తిపడ్డాను. వారం తర్వాత పక్కింటివారు ‘కాశీకి వెళ్ళొచ్చారట కదా!’ అని పలకరిస్తే నాన్నగారు, ‘కాశీ చూసి వచ్చానండీ. వెళ్ళడం మాత్రం కాలేదు’ అన్నారు. హాస్యానికి అన్నారనుకొని నేనూ నవ్వాను. మరో ఏడాదిన్నరకు వారు పరమపదించారు. ఆ మాట నాలో ఉండిపోయింది.

వెళ్ళడం అంటే వారి ఉద్దేశం ఏమై ఉంటుంది? దీనికి సమాధానం నాకు స్కాంద పురాణంలోని కాశీఖండంలో దొరికింది. శ్రీనాథ మహాకవి తెలుగు చేసినది ఆ ఖండాన్నే. అందులో అగస్త్య మహర్షి తన ఇల్లాలు లోపాముద్రకు మానస తీర్థాలను గురించి చెబుతాడు. సత్యం ఒక తీర్థం, క్షమ ఒక తీర్థం, ఇంద్రియ నిగ్రహం, భూతదయ, దానం, సంతోషం, ప్రియభాషణం, ధైర్యం... ఇవన్నీ తీర్థాలే అంటాడు. ఇందులో మునగకుండా ఎంత నీటిలో మునిగినా ప్రయోజనం లేదని, జలచరాలు నీటిలోనే పుట్టి నీటిలోనే పోతున్నా వాటికి స్వర్గం రావడం లేదు కదా అని హెచ్చరిస్తాడు. కాశీ మహిమను చాటే గ్రంథమే ఈ మాట చెప్పడం గమనార్హం.

గంగలో మునగడానికి దశాశ్వమేధ ఘట్టం ఉంది. మరి క్షమలో, దయలో, సంతోషంలో మునగడానికి ఘట్టం ఏది? పూర్వం కాలిబాట, మజిలీ, సత్రం ఆ పని చేసేవి. మన కాలానికి మిగిలిన ఘట్టం దూరప్రయాణపు రైలుపెట్టె. ఇది నాకు అనుభవం మీద తెలిసింది.

నాన్నగారి విషయంలో చేసిన పొరపాటు అమ్మ విషయంలో చేయకూడదని 2019 కార్తీకంలో ఆమెను రైలులోనే తీసుకువెళ్ళాను. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్నది ఆమె సంకల్పం. సికింద్రాబాదు నుంచి కాజీపేట, బల్లార్షా, నాగపూర్, ఇటార్సీ, జబల్‌పూర్, సత్నాల మీదుగా బీహారుకు పోయే రైలు. ఒక పగలు, ఒక రాత్రి, మరునాటి పగటిలో కొంత ప్రయాణం. ఏసీ పెట్టె వద్దని అమ్మ పట్టుబట్టింది. ‘కిటికీ తెరుచుకోకపోతే గోదారమ్మకు దండం ఎలా పెట్టుకుంటానురా?’ అన్నది.

రామగుండం దాటాక, మంచిర్యాల ఇంకా రాకముందే గోదావరి వంతెన వచ్చింది. అంతదాకా ఎవరి గొడవలో వారున్న మనుషులు ఒక్కసారిగా కిటికీల వైపు తిరిగారు. చేతులు వాటంతట అవే జోడయ్యాయి. అమ్మ కొంగుముడి విప్పి నాణెం తీసి, కళ్ళకద్దుకొని, మళ్ళీ కొంగున కట్టుకుంది. ‘ఏట్లో వేస్తే ఎవరికి? అన్నపూర్ణమ్మ హుండీలో వేద్దాం’ అన్నది. పూలను ప్లాస్టిక్ సంచీతో సహా నదిలోకి విసిరేవారు ఆమె దగ్గర నేర్చుకోవలసింది ఉంది. సిర్పూర్ కాగజ్‌నగర్ దాటిన కొంతసేపటికి స్టేషన్ బోర్డుల మీద తెలుగు కనుమరుగైంది. ‘మన అక్షరాలు అయిపోయాయిరా’ అని అమ్మ చిన్నపిల్లలా అంటుంటే, ఊరు విడిచి వెళ్ళడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. మూడేళ్ళ క్రితం విమానంలో నాకు ఏ అక్షరమూ పోలేదు, ఏ నదీ ఎదురు రాలేదు.

అది ఛఠ్ పండుగ సమయం. హైదరాబాదులో భవన నిర్మాణ పనులు చేసుకునే బీహారు కూలీలు వందల సంఖ్యలో ఇళ్ళకు పోతున్నారు. రిజర్వేషను దొరకనివారు నడవలో కూర్చున్నారు. ఇరవై ఏళ్ళ కుర్రవాడొకడు మా బెర్తుకు ఆనుకొని కింద కూర్చున్నాడు. నాకు చిరాకు కలిగింది. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నవాణ్ణి కదా! అవతలికి జరగమని కాస్త గట్టిగానే అన్నాను. అమ్మ నావైపు చూసి, ‘పండక్కి తల్లి దగ్గరికి పోతున్నాడు. కాళ్ళు ముడుచుకుంటే నా బెర్తు మీద మరో మనిషికి చోటుంటుంది’ అంటూ ముడుచుకొని కూర్చుంది. ‘రా నాయనా, ఇట్లా కూర్చో’ అని అతన్ని పిలిచింది.

మధ్యాహ్నం పులిహోర డబ్బా విప్పి, మాకన్నా ముందు అతనికి విస్తరాకులో పెట్టింది. మొదట మొహమాటపడ్డాడు. తర్వాత వచ్చీరాని తెలుగులో తన ఊరి సంగతులు చెప్పాడు. ఛఠ్‌కు వాళ్ళమ్మ ముప్ఫయ్యారు గంటలు మంచినీళ్ళైనా ముట్టకుండా ఉపవాసముండి, నదిలో నిలబడి, సాయంత్రం అస్తమించే సూర్యునికీ, మరునాడు ఉదయించే సూర్యునికీ అర్ఘ్యం ఇస్తుందట. రథసప్తమినాడు జిల్లేడాకులతో స్నానం చేసి సూర్యునికి పరమాన్నం నివేదించే మా అమ్మ నోట కాసేపు మాట రాలేదు. ‘ఆ మహాతల్లి వ్రతం ముందు మనదెంతరా!’ అన్నది. నాగపూరులో కొన్న కమలాపండ్లలో నాలుగు అతని సంచిలో పెట్టి, ‘మీ అమ్మకివ్వు’ అని చెప్పింది.

మరునాడు ఉదయం సత్నా దాటాక కొండలు కనిపించాయి. వింధ్య ప్రాంతమన్నాను. అంతే, అమ్మ అగస్త్యుని కథ ఎత్తుకుంది. గర్వంతో పెరిగి సూర్యుని దారికి అడ్డుపడిన వింధ్యుని వంచడానికి దేవతలు అగస్త్యుణ్ణి వేడుకోవడం, కాశీని విడవలేక విడవలేక ఆయన దక్షిణానికి రావడం, తాను తిరిగి వచ్చేదాకా అలాగే వంగి ఉండమని కొండకు చెప్పి ఇక తిరిగి వెళ్ళకపోవడం... చిన్ననాడు ఎన్నిసార్లో విన్న కథే. కిటికీలో ఆ కొండలను చూస్తూ వింటుంటే కొత్తగా వినిపించింది. ‘లోకం కోసం ఆయన వదులుకున్న కాశీకి, ఆయన వచ్చిన దారినే మనం ఎదురు పోతున్నాం’ అని ముగించింది. చుట్టూ ఉన్నవారు, సగం అర్థమైనవారూ కానివారూ, చేతులు జోడించారు. ఇంతలో ఒక చిన్న స్టేషనులో రైలు ఆగి చాలాసేపు కదలలేదు. నేను గడియారం చూసుకుంటున్నాను. అమ్మ జపమాల తీసుకుంది. క్షమ అనే తీర్థం ఎక్కడుందో ఆ క్షణాన నాకు తెలిసివచ్చింది.

మొగల్‌సరాయ్‌లో దిగాం. 2018లో దానికి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరు పెట్టారు. కుర్రవాని ఊరు ఇంకా ముందుంది. అయినా మా పెట్టెలు తానే ప్లాట్‌ఫారం మీదికి దింపి, అమ్మ పాదాలకు నమస్కరించి, కూత వినపడగానే పరుగెత్తి రైలెక్కాడు. అక్కడినుంచి ఆటోలో వెళుతూ, 1887లో కట్టిన పాత వంతెన మీద గంగను దాటాం. కింద రైళ్ళు, పైన బండ్లు పోయే వంతెన అది. దూరాన చంద్రవంకలా ఘట్టాలు గోచరించాయి. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీటి వెనుక ఒక పగలూ రాత్రీ నడిచిన దారి ఉంది. నాన్నగారికి నేను ఇవ్వలేకపోయినది అదే.

రైలు ప్రయాణమంతా పుణ్యమేనా అని మీరు అడగవచ్చు. కాదు. రద్దీ ఉంటుంది, ఆలస్యాలుంటాయి, శుభ్రత లేని మరుగుదొడ్లుంటాయి. ముక్కూమొహం తెలియనివారిచ్చినది తినడంలో ప్రమాదమూ ఉంది, జాగ్రత్త అవసరమే. మోకాళ్ళ నొప్పులవారికి, గుండెజబ్బువారికి విమానం భగవంతుడిచ్చిన వరం. విమానంలో వెళితే పుణ్యం తగ్గుతుందని ఏ శాస్త్రమూ చెప్పలేదు, నేనూ చెప్పను. అంతేకాదు, రైలెక్కినంత మాత్రాన యాత్ర అయిపోదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో సెల్‌ఫోను, బెర్తుకు తెర... ఎదుటివారి ఊరేదో తెలియకుండానే దిగిపోయేవారు ఈనాడు ఎందరో! అది కూడా నేలమీద సాగే విమాన ప్రయాణమే.

నా మనవి ఒక్కటే. శక్తి ఉన్నవారు రాకపోకల్లో ఒక్క దారైనా రైలులో వెళ్ళండి. ఇంట్లో వండిన పదార్థం నలుగురికి సరిపడా తీసుకువెళ్ళండి. కింది బెర్తు మీకు వస్తే, పై బెర్తు వచ్చిన పెద్దవారికి ఇవ్వండి. నది వచ్చినప్పుడు పిల్లల చేతుల్లోంచి ఫోను తీసుకొని ఆ నది పేరు చెప్పండి, కొండ వస్తే దాని కథ చెప్పండి. పురాణశ్రవణానికి అంతకన్నా మంచి వేదిక దొరకదు. 2023 మార్చిలో సికింద్రాబాదు నుంచి పూరీ, కాశీ, అయోధ్యలకు భారత్ గౌరవ్ యాత్రారైలు మొదలైనప్పుడు ఎందరో పెద్దలు సంతోషించారు. కొందరు పిల్లలు టిక్కెట్టు కొని తల్లిదండ్రులను రైలెక్కించి, అంతటితో బాధ్యత తీరిందనుకుంటారు. టిక్కెట్టుతోపాటు మన కాలాన్ని కూడా వారికి ఇవ్వాలి కదా! ఇక ప్రభుత్వానికీ ఒక మాట. వయోవృద్ధులకు ఉన్న రైలు చార్జీల రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు. పరిమితమైన రాబడితో బతికే పెద్దలకు తీర్థయాత్ర దారిని సుగమం చేయడం పాలకులకు పుణ్యకార్యమే.

కాశీ నుంచి వచ్చాక సమారాధన చేశాం. బంధువులందరూ భోజనాలయ్యాక అమ్మ చుట్టూ చేరి, ‘కాశీలో ఏం చూశావో చెప్పు’ అని అడిగారు. విశ్వనాథుని దర్శనంతో మొదలుపెడుతుందనుకున్నాను. అమ్మ మాత్రం, ‘మాతోపాటు రైలులో ఒక పిల్లవాడు వచ్చాడు. వాళ్ళమ్మ ఛఠ్ వ్రతం చేస్తుందట...’ అని మొదలుపెట్టింది.

గోడ మీద నాన్నగారి పటం ఉంది. ఆ దండ వేసిన పటానికి నేను మనసులోనే ఒక మాట చెప్పుకున్నాను. ‘ఈసారి వెళ్ళొచ్చాం నాన్నగారూ!’