భాస్వరము కొనుటకు ముందు

తొలకరికి నెలదినములుండగనే డి.ఏ.పి. సంచులకై పేర్లు వ్రాయించుట మన సభ్యులకు అలవాటైనది. నిరుడెన్ని సంచులో ఈ యేడును అన్నియే. నేలలో ముందుగ నేమున్నదో విచారించువారు కొలది. ఈ పద్ధతి మాకు సమ్మతము కాదు.

ఏబది కిలోల సంచిలో, దానిపై వ్రాసిన లెక్క చొప్పున, 23 కిలోల భాస్వరముండును. వేసిన యేడు పైరునకు దక్కునది అందు అయిదవ వంతునకు మించుట యరుదు. శేషము ఎర్రచలకలలో ఇనుముతోను, నల్లరేగడిలో సున్నముతోను కలిసి బిగిసిపోవును. లాలాపేట, నాచారము ప్రాంతమున పొలములు పోయి యిండ్లు లేచినవి గాని, పునాదులు త్రవ్వినచో బయటపడు ఎర్రమట్టి ఈ చలక జాతిదే.

భాస్వరము నేలలో కదలదు. వేరు తన చుట్టు ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర నున్నది పీల్చుకొనగనే అచ్చట కరవగును. అప్పుడు అక్కరకు వచ్చునది వేళ్లలో కాపురముండు ఒక బూజు. దాని పోగులు వెండ్రుకకంటె సన్నములై, వేరు చొరలేని సందులలో దూరి, అంగుళముల దూరమునుండి భాస్వరమును మోసి తెచ్చును. ఊరక కాదు; ఆకులు వండిన చక్కెరలో కొంత కూలిగ పుచ్చుకొనును. ఇట్టి పొత్తునకు 1885లో జర్మనీ పండితుడు ఫ్రాంకు 'మైకోరైజా' యని పేరిడెను. ఆయన చూచినది అడవిచెట్ల వేళ్లను. మన జొన్న, కంది, మిరపలలో నుండునది వేరొక తెగ.

భాస్వరము సమృద్ధిగ దొరకిన పైరు ఈ కూలివానిని పని మాన్పించును. కావున అక్కరలేని సంచికి వెల పెట్టిన రైతు ఉచితముగ దొరకు సేవనుగూడ పోగొట్టుకొనుచున్నాడు.

పటాన్‌చెరువులోని ఇక్రిశాటువారి పరిశోధన 1990లో వెలువడినది. కంది వేళ్లు ఒక యామ్లమును స్రవించి, ఇనుముతో బిగిసిన భాస్వరమును విడిపించునని తేలినది. జొన్నలో కంది సాళ్లు వేయు పెద్దల వాడుకను విడుచుటకు తొందరపడరాదు.

అయిన నీ బూజు అన్నిటికిని మందు కాదు. ఆవ, క్యాబేజీ దీనిని చేరనీయవు. నీరు నిలిచిన వరిమడిలో దీని పని స్వల్పము. నేలలో లేని భాస్వరమును ఇది పుట్టింపజాలదు. పొట్లములలో అమ్మునది మిరప నారుమడిలో వేసి చూడవచ్చును గాని, ఎండలో మగ్గిన పొట్లము వట్టి మన్నే.

సంఘము ఎరువుల పట్టీ వ్రాయుటకు ముందు భూసారపరీక్ష చీటీ చూడవలెననియు, భాస్వరము హెచ్చని చీటీ గల పొలమునకు సంచులు తగ్గింపవలెననియు మా కోరిక. చీటీలేని సభ్యులు గట్టుప్రక్కను, పెంటకుప్పలుంచిన తావును విడిచి, పొలమున పలుచోట్ల ఆరంగుళముల లోతువరకు మన్ను తీసి, కలిపి, నీడను ఆరబెట్టి, వేసవి ముగియకముందే పంపవలెను.