క్వాంట్ చదువుకు దారి ఏ శాఖలో ఉంది?

ఆర్థిక మార్కెట్లలోని ధరలనూ నష్టభయాన్నీ గణితంతో లెక్కగట్టే క్వాంటిటేటివ్ ఫైనాన్స్ అమెరికా విశ్వవిద్యాలయాలలో ఒకే పేరుతో లేదు, ఒకే గూటిలోనూ లేదు. గణితశాఖలు దీనిని మ్యాథమెటికల్ ఫైనాన్స్ అనీ, ఇంజనీరింగ్ విభాగాలు ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ అనీ పిలుస్తాయి. ఒక్క కొలంబియాలోనే గణితశాఖ నడిపే మాస్టర్స్ ఒకటి, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ శాఖ నడిపేది మరొకటి ఉన్నాయి. రెండు మూడు చోట్ల సీటు వచ్చిన విద్యార్థి ఇంట్లో జరిగే చర్చ మాత్రం తరచు విశ్వవిద్యాలయం పేరు దగ్గర, ర్యాంకు దగ్గర ఆగిపోతుంది. ముందుగా తేల్చుకోవలసింది అక్కడ నేర్పేది ఏ గణితం అన్నది.

ఈ చదువుకు పునాది 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ప్రచురించగా అదే ఏడాది రాబర్ట్ మెర్టన్ విస్తరించిన ఆప్షన్ ధర సిద్ధాంతం. ఒక షేరును ముందే కుదుర్చుకున్న ధరకు, నిర్ణీత గడువులో కొనడానికో అమ్మడానికో ఉండే హక్కు ఆప్షన్. ఆ హక్కుకు విలువ కట్టడానికి షేరు పెరుగుతుందా తగ్గుతుందా అన్న అంచనా అక్కరలేదనీ, ధర ఒడిదుడుకుల పరిమాణమే కీలకమనీ ఆ సిద్ధాంతం చూపింది. దానికి ఆధారమైన స్టొకాస్టిక్ కాలిక్యులస్, అంటే యాదృచ్ఛికంగా కదిలే రాశుల కలనగణితం, 1994లో కార్నెగీ మెలన్‌లో మొదలైన కోర్సుకూ, ఆ తరువాత వచ్చిన అనేక కోర్సులకూ వెన్నెముక అయింది.

గత ధరల నుంచి రేపటి కదలికను అంచనా కట్టడం మాత్రం గణాంకశాస్త్రం పని. ఉన్న దత్తాంశంతో కట్టే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దును 1945లో నిరూపించినది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు. క్రామెర్–రావు పరిమితి అన్న పేరులో ఆయన నేటికీ నిలిచి ఉన్నారు. ఒక షేరు సగటు రాబడిని కొద్ది సంవత్సరాల ధరల నుంచి రాబట్టడం ఎందుకంత కష్టమో ఈ రెండో గణితమే చెబుతుంది, మొదటిది ఎంత వచ్చినా ఆ లోటు తీరదు. బ్యాంకులలో ఆప్షన్ల వంటి ఒప్పందాలకు ధర కట్టే విభాగాలు మొదటిదాన్నీ, పెట్టుబడి నిధులు రెండోదాన్నీ ఎక్కువగా కోరతాయి కనుక, పాఠ్యప్రణాళికలో ఈ రెండింటికీ ఎన్నేసి కోర్సులు కేటాయించారో లెక్కపెట్టి చూడడం ర్యాంకుల పట్టిక చూడడం కన్నా ఉపయోగకరం. న్యూయార్క్ నగర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో భాగమైన బారుక్ కాలేజీ పేరు తల్లిదండ్రులలో చాలామందికి తెలియదు; కొద్దిమంది విద్యార్థులతో నడిచే అక్కడి ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ కోర్సుకు ఈ రంగంలో పనిచేసేవారిలో ఉన్న గౌరవం మాత్రం పెద్దది.

భారతదేశం నుంచి వచ్చే విద్యార్థి చూడవలసిన అంకె మరొకటి ఉంది. ప్రతి కోర్సుకూ అమెరికా ప్రభుత్వం గుర్తించే ఒక కోడ్ ఉంటుంది, అది విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద కనిపిస్తుంది. ఆర్థిక గణితం కోడ్ 27.0305 స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్నందువల్ల, చదువు తరువాత పనిచేయడానికి ఇచ్చే 12 నెలల ఓపీటీకి మరో 24 నెలల పొడిగింపు దొరికే వీలుంది. సాధారణ ఫైనాన్స్ కోడ్ 52.0801 ఆ జాబితాలో లేదు. పేర్లు దగ్గరగా ఉన్న రెండు కోర్సుల మధ్య రెండేళ్ళ తేడా ఇక్కడ వస్తుంది, ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చిన కుటుంబానికి అది చిన్న తేడా కాదు.

సంభావ్యత మీద నిజమైన మక్కువ ఉన్న విద్యార్థులకు పెద్దలు చెప్పకుండా వదిలేస్తున్న దారి డాక్టరేట్. పరిశోధన ఉద్యోగాలకు అనేక పెట్టుబడి నిధులు పీహెచ్‌డీ చేసినవారినే ఎంచుకుంటాయి. మంచి గణిత, గణాంక శాఖలు డాక్టరేట్ విద్యార్థుల ఫీజు తామే భరించి జీవనభృతి కూడా ఇస్తాయి. అప్పు పత్రం మీద సంతకం పెట్టకముందే ఈ సంగతి ఆ ఇంట్లో ఒక్కసారైనా చర్చకు రావాలి.