ఎవరి కోసం ఈ కొలత?

2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ ‘హరిత ఉక్కు’కు నిర్వచనం ప్రకటించింది. టన్ను ఉక్కు తయారీలో వెలువడే వాయువులు, బొగ్గుపులుసు వాయువు లెక్కకు తెచ్చి చూస్తే, 2.2 టన్నులకు లోబడితే అది హరితం. 2.0కు లోబడితే నాలుగు నక్షత్రాలు, 1.6కు లోబడితే ఐదు. మన దేశపు సగటు రెండున్నర టన్నుల ప్రాంతంలో ఉంది గనుక ఇది కొట్టిపారేయవలసిన పని కాదు. తెలుగు చెప్పుకునేవాడికి ఉక్కు లెక్కలెందుకని కొందరు నవ్వవచ్చు. నిర్వచనం చేసినవాడు దేన్ని బయటికి నెట్టాడో చూడడం మా వృత్తిలో మొదటి పాఠం.

ఈ నిర్వచనం గనిని బయటికి నెట్టింది. రవాణానూ నెట్టింది. సింటరు, పెల్లెట్లు, కోకు తయారీ లెక్కలోకి వస్తాయి. కొండను తవ్వడం రాదు. విశాఖ ఉక్కునే తీసుకోండి. ఇనుపరాయి బస్తరులోని బైలదిల్లా కొండల నుంచి తూర్పు కనుమలు దాటి రైల్లో వస్తుంది. కోకింగు బొగ్గు ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తుంది. ఆ రైలూ, ఆ ఓడా నక్షత్రాల లెక్కకు అందవు. శంఖిని నీళ్లు ఇనుప ధూళితో ఎర్రబడిన సంగతి అక్కడి గిరిజనులకు దశాబ్దాలుగా తెలుసు. వాయువు ఒక్కటే కొలిచే ఈ పుస్తకంలో ఆ నీటికి పద్దే లేదు.

ఇవన్నీ కొలవడం సాధ్యమా అంటారేమో! కట్టడ సామగ్రి పర్యావరణ ప్రకటనలకు యూరపువారు పెట్టుకున్న ఈఎన్ 15804 ప్రమాణంలో ముడిసరుకు తవ్వకం మొదటి పద్దు, ఫ్యాక్టరీ దాకా రవాణా రెండవది. తయారీ మూడవదే.

ఇంతకన్న పెద్ద లోపం ‘టన్నుకు’ అనే మాటలో ఉంది. 100 టన్నులతో నిలిచే కట్టడానికి 2.2 రకం వాడితే 220 టన్నుల వాయువు. అదే కట్టడానికి 1.6 రకం ఉక్కు 150 టన్నులు కుమ్మరిస్తే 240. నక్షత్రాలూ పెరిగాయి, పొగా పెరిగింది! ఇది ఊహాలెక్క అనుకోకండి. మొయినిహాన్, ఆల్‌వుడ్ అనే పరిశోధకులు బ్రిటనులో 23 ఉక్కు కట్టడాలలోని 10,000కు పైగా దూలాలను లెక్కగట్టి 2014లో ప్రకటించారు: నియమాలు అనుమతించే సామర్థ్యంలో సగటున సగమైనా వినియోగం కావడం లేదు. ఒకే కొలత దూలాన్ని అన్నిచోట్లా వాడేస్తే గీసేవాడికీ బిగించేవాడికీ శ్రమ తగ్గుతుంది. వాళ్ల గంటల కన్న ఉక్కు చవక. ఉక్కు అమ్మేవాడు దీన్ని ఆక్షేపిస్తాడా?

ఈ కొలతలన్నీ సామ్రాజ్యవాదుల ఎత్తని మన మిత్రులు కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. మనిషికి సాలీనా 100 కిలోల ఉక్కు వాడే మన దేశం, ప్రపంచ సగటు 200 దాటిందని తెలిసీ, 2026 జనవరి నుంచి యూరపు సరిహద్దులో కర్బన సుంకానికి లోబడవలసి వచ్చింది. మనకింకా వంతెనలు కావాలి, ఆసుపత్రులు కావాలి. అంతమాత్రాన కొలతబద్దను పారేస్తే లాభపడేది ఎవరు? గని పక్క ఊరివాడు మాత్రం కాదు.

ప్రభుత్వం రేపు ఒక ఆసుపత్రికి టెండరు పిలిచినప్పుడు నక్షత్రాలతో ఊరుకోకుండా, చదరపు మీటరుకు ఎన్ని కిలోల ఉక్కు, ఆ రాయి ఏ కొండది అని అడగాలి. ఇంజనీరింగు విద్యార్థులు అప్పటిదాకా ఆగనక్కరలేదు. దూలాల లెక్కలు వాళ్ల బల్లల మీదే ఉన్నాయి.